ఇంటి గువ్వలు, చేని గువ్వలు

మా మేనత్త సాయమ్మ పోయిందని తమ్ముని కొడుకు సంతోష్ ఫోన్ చేసినప్పుడు నేను సంగారెడ్డిలో మా ఇంట్లో వంటకు కూచున్నాను. పొయ్యి ఆర్పేసి, కట్టుకున్న చీరతోనే ఖేడ్ బస్సెక్కాను. నారాయణఖేడ్‌ను మేమెవరం పూర్తి పేరు పెట్టి పిలవం, ఖేడ్ అంటాం. ఊరు దాటి మనూర్ దారిలో కొంత దూరం పోతే మా ఇల్లు. నేను చేరేసరికి అత్తను వరండాలో చాప మీద పడుకోబెట్టారు. ఆమె తలకు పైన, గోడకు బిగించిన ట్యూబ్‌లైటు పట్టీ మీద, ఒక గువ్వ గూట్లో కూచుని ఉంది. కింద అంతమంది ఆడవాళ్లు అత్త గుణాలు చెప్పుకుంటూ రాగం తీసి ఏడుస్తున్నారు. అది లేవలేదు. మెడ లోపలికి లాక్కుని, ఒక కన్ను కిందికి వేసి, అట్లాగే ఉంది. గుడ్ల మీదున్న గువ్వ దేనికీ తొందరగా లేవదని చిన్నప్పుడు నాకు చెప్పిన మనిషి దాని కింద కళ్లు మూసుకుని పడుకుని ఉంది. నాకు ఏడుపు రాలేదు. చాప అంచు పట్టుకుని చాలాసేపు కూచున్నాను. అప్పటి ఇల్లు, అప్పటి మనుషులు, ఒక కరువేడు, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి.

అప్పటి ఇల్లు మట్టి మిద్దె. నల్లబడిన టేకు దూలాలు, వాటి మీద అడ్డంగా కర్రలు, కర్రల మీద మట్టి. ఎండాకాలం లోపలికి అడుగుపెడితే చల్లగా, కొంచెం చీకటిగా, గుమ్మిలో పోసిన జొన్నల వాసన, పేడ అలికిన నేల వాసన, గోడకు ఆనించి కూచునే పెద్దల తల నూనె వాసన, అన్నీ కలిసి ఉండేవి. పొద్దుగాల నాకు మెలకువ వచ్చేది రొట్టెల చప్పుడుకు. అమ్మా అత్తా ఎదురెదురు కూచుని జొన్న రొట్టెలు కొట్టేవాళ్లు. ఒకరి చేయి ఆగితే ఇంకొకరి చేయి లేచేది. ఆ చప్పుడు మధ్యలో దూలం మీది నుంచి గువ్వ కూత వినబడేది, ఎవరో గొంతులో నీళ్లు పుక్కిలిస్తూ నవ్వినట్టు. నాయన అప్పటికే లేచి, బీడీ ముట్టించి, గడప మీద కూచుని మొగులు చూస్తుండేవాడు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మొగులు బాగుంటే రెండు రొట్టెలు తినేవాడు, బాగలేకుంటే ఒకటి తిని లేచేవాడు. ఆ ఏడు వాన ఎట్లుంటుందో మేము ఆయన తినే రొట్టెలను బట్టి తెలుసుకునేవాళ్లం.

గువ్వల సంగతి నాకు చూపింది అత్త. ఆమెకు పిల్లలు నిలవలేదు. ఇద్దరు పుట్టి పురిట్లోనే పోయారు. ఆమె దాని గురించి మాట్లాడేది కాదు, మేము అడిగేవాళ్లం కాదు. పనులు తెమిలాక ముందరి అర్రలో దూలం కింద గోనె పరుచుకుని పప్పు బాగుచేస్తూ, పైకి చూస్తూ ఉండేది. నేను ఆమె పక్కన ఒరిగి పడుకునేదాన్ని. గువ్వ గూడు గూడులాగే ఉండదు. మగది ఒక్కొక్క పుల్ల తెచ్చి ఆడదాని ముందు పెడుతుంది, ఆడది దాన్ని తన కిందకు తోసుకుంటుంది, అంతే. ఎంత పలచగా ఉంటుందంటే కింద పడుకుని చూస్తే పుల్లల సందుల్లో నుంచి తెల్లగా గుడ్లు కనబడతాయి. రెండే గుడ్లు. పగటిపూట మగది పొదుగుతుంది, పొద్దు వాలే వేళకు ఆడది వచ్చి కూచుంటే మళ్లీ తెల్లారి పొద్దెక్కేదాకా కదలదు. మార్చుకునేటప్పుడు రెండూ ఒకటి రెండు క్షణాలు పక్కపక్కన నిలబడి మెడలు ఊపుకుంటాయి. అత్త దాన్ని చూసి, డ్యూటీ మారుతున్నరు అని నవ్వేది.

రెండు వారాలకు అటూ ఇటూగా పిల్లలు వచ్చేవి. గువ్వపిల్ల అంత వికారమైన పిల్లను నేను మళ్లీ చూడలేదు. కళ్లు మూసుకుని, పసుపు పచ్చటి వెంట్రుకల్లాంటి నూగుతో, ముఖమంతా ముక్కే. పిచ్చుక పురుగు తెచ్చి పిల్ల నోట్లో పెడుతుంది. గువ్వ అట్లా పెట్టదు. పిల్లే తన ముక్కును తల్లి నోట్లోకి, గొంతు దాకా దూర్చి తాగుతుంది. తల్లి గొంతు సంచిలో పిల్లలు పుట్టే వేళకు పెరుగు విరిగినట్టుగా పాలు ఊరుతాయి. తల్లికే కాదు, తండ్రికి కూడా. ఈ మాట చెప్పినప్పుడు అత్త గొంతు మారేది. మగదానికి పాలు రావడం ఆమెకు ఎప్పటికీ వింతే. తర్వాత తర్వాత ఆ పాలలో నానిన గింజలు కలుస్తాయి, చివరికి గింజలే మిగులుతాయి. ఒళ్లంతా ముళ్లలా ఈకలు లేచి, అవి విచ్చుకుని, ఒకరోజు పిల్లలు గూటి అంచున నిలబడి రెక్కలు కొడతాయి. అవి ఎగిరిపోయిన కొన్నాళ్లకే రెట్టతో గట్టిపడిన అదే గూట్లో మళ్లీ రెండు గుడ్లు. పిల్లి పట్టేవి, కాకి ఎత్తుకుపోయేవి, కింద పడి చచ్చేవి పోను, ఏటా కొన్ని బతికేవి. ఇంట్లో గూడు పడగొట్టడం పాపమని అందరి నమ్మకం. గిన్నెలో రెట్ట పడితే గిన్నె తోముకునేవాళ్లం కానీ గూటి జోలికి పోయేవాళ్లం కాదు.

చేని గువ్వల లెక్క వేరు. వాటిని వలవేసి పట్టేవాళ్లు, కొట్టేవాళ్లు, కాల్చుకుని తినేవాళ్లు. అట్లా తినేవాళ్లలో మా మామ తుకారాం ఒకడు, అంటే అత్త భర్త. వాళ్లది నాగల్‌గిద్ద అవతల, కర్ణాటక అంచున ఒక పల్లె. వాళ్ల చెలకలు వరుసగా ఎండిపోతే, అత్తను తీసుకుని మా ఇంటికి వచ్చి నాయనతో కలిసి సేద్యం చేస్తుండేవాడు. అత్తగారింట్లో ఉన్నానన్న చిన్నతనం ఆయన ముఖంలో ఎన్నడూ కనబడలేదు. గట్టిగా నవ్వేవాడు. సగం కన్నడం కలిపి మాట్లాడేవాడు, గువ్వను బెళవ అనేవాడు. నాయన మౌనంగా ఉంటే, ఆయన ఎదురుగా కూచుని ఇద్దరి మాటలూ తానే మాట్లాడేవాడు. దూలం మీది గువ్వలకు నీళ్లు పెట్టే మట్టి మూకుడు ఆయనే కట్టాడు. మిగతా పిట్టలు గుక్క గుక్కకూ తల ఎత్తి మింగుతాయి, గువ్వ మాత్రం ముక్కు ముంచి పశువులాగా పీలుస్తుందని నన్ను ఎత్తుకుని చూపించాడు. అదే మనిషి చేన్లో పట్టిన గువ్వలను కొట్టం వెనక జొన్న కొయ్యల మంట మీద కాల్చి, ఉప్పూ కారం రాసుకుని తినేవాడు. ఈ రెండింటికీ మధ్య ఆయనకు ఏ పేచీ కనబడలేదు. మాకూ కనబడలేదు.

ఆ ఏడు తొలకరి పడి మొఖం చాటేసింది. వేసిన జొన్న మొలిచి మాడిపోయింది. అప్పుజప్పు చేసి మళ్లీ విత్తనం తెచ్చి, ఒక చిన్న వాన నమ్ముకుని రెండోసారి గొర్రు కట్టి విత్తారు. గింజ సరిగా కప్పబడలేదు. చుట్టుపక్కల చేన్లన్నీ బీళ్లుగా ఉండేసరికి గువ్వలన్నీ మా చేనుకే దిగాయి. ఎర్రటివి, బూడిద రంగువి, మెడకు నల్లటి కాటుక గీత ఉన్నవి, మా ఇంటి దూలం మీది లాంటి చిన్నవి. గువ్వ తవ్వి తినదు, పైన కనబడేదే ఏరుకుంటుంది. ఆ ఏడు అన్నీ పైనే ఉన్నాయి. నాయన పొద్దంతా డబ్బా కొట్టుకుంటూ తిరిగేవాడు. ఈ కొసకు పోతే ఆ కొసకు దిగేవి. సాయంత్రానికి ఆయన గొంతు పోయేది. ఒక్క రొట్టె కూడా సగం తిని లేచేవాడు.

ఆ రోజుల్లోనే మామ వాళ్ల పల్లెకు పోయాడు, అన్నకు జ్వరమని కబురొస్తే. ఆయన పోయిన తర్వాత నాయన ఎవరో చెప్తే ఖేడ్‌లో పురుగుల మందు కొనుక్కొచ్చి, జొన్నల్లో కలిపి చేనుగట్ల పొడుగునా చల్లాడు. జాగ్రత్త గల మనిషి. కుక్కను కట్టేయించాడు. దూడలను ఆ పక్కకు తోలొద్దన్నాడు. అమ్మను, అత్తను, నన్ను, తమ్మున్ని పిలిచి నిలబెట్టి, గట్ల దిక్కు ఎవరూ పోవద్దని, గింజ ముట్టొద్దని, పడిపోయిన పిట్టను ముట్టొద్దని చెప్పాడు. పక్క చేనోళ్లకు కూడా చెప్పొచ్చాడు. ఊళ్లో లేని మనిషికి ఎవరు చెప్తారు.

మామ శనివారం వచ్చాడు. మనూర్ దాకా బస్సులో వచ్చి, అడ్డదారిన చేన్ల మీదుగా నడిచొచ్చాడు. నేను బడి నుంచి వచ్చేసరికి కొట్టం వెనక పొగ వస్తోంది, కాలిన మాంసం వాసన వస్తోంది. మామ గొంతుక్కూచుని, వేళ్లు నాకుతూ, నన్ను చూసి నవ్వాడు. ఇయ్యాల బెళవలు పిచ్చిపట్టినట్టు ఎగరలేక పడుతున్నయి బిడ్డా, తువ్వాలతోనే పట్టిన అన్నాడు. ఒక తొడ విరిచి నా చేతికి ఇచ్చాడు. నేను నోటి దాకా పెట్టుకున్నాను. లోపల చేటతో చెరుగుతున్న అత్త, వాసన చూసి తలుపు దగ్గరికొచ్చి, శనివారం పూట పిల్లకు నీసు పెడతవా అని కసిరింది. మా ఇంట్లో ఆడవాళ్లం శనివారం తినం. నేను ఆ తొడ ఆయన చేతిలోనే పెట్టేశాను. అత్తకు అవి ఎక్కడి గువ్వలో అప్పుడు తట్టలేదు. మామ ఎప్పుడూ దారిలో ఏదో ఒకటి పట్టుకొస్తూనే ఉంటాడు. కాసేపటికి నేల మీద బొచ్చు రాశి చూసి, యాడియివి అని అడిగింది. మన గట్టు మీదివే అన్నాడు ఆయన. అత్త చేతిలోని చేట పడిపోయింది.

మామకు మొదలు చెమటలు పట్టాయి. నోట్లోంచి నీళ్లు కారడం మొదలైంది, తుడుచుకున్నకొద్దీ కారేవి. వాంతులయ్యాయి. తొడల మీద చర్మం కింద ఏదో పాకుతున్నట్టు అదిరింది. అత్త చింతపండు నీళ్లు తాగించింది, అమ్మ పక్కింటి బండి కట్టించింది. ఖేడ్ దవాఖానకు పోయే దారిలో, బండిలో అత్త ఒళ్లో ఆయన తల, కాళ్ల దగ్గర నేను. ఆయన ఏదో కన్నడంలో మాట్లాడాడు, నాకు అర్థం కాలేదు. ఊరి మొదట్లో నాయన ఎదురొచ్చాడు, సైకిలు మీద, సంతలో కొన్న ఉల్లిగడ్డ సంచి తగిలించుకుని. సైకిలు దిగి, ఏమైందన్నాడు.

"గువ్వలు తిన్నడు," అన్నది అత్త. "గట్టు మీద పడ్డయట."

నాయన సైకిలు వదిలేశాడు. ఉల్లిగడ్డలు రోడ్డంతా దొర్లాయి. ఆయన అక్కడే దుమ్ములో కూచున్నాడు. బండాయన దిగి, లే పటేలా, జల్దీ పోవాలె అని లేపినా లేవలేదు. మేము ఆయన్ను అక్కడే వదిలేసి పోయాం. దవాఖాన కనబడే దూరంలో మామ పోయాడు.

కడుపు పట్టి పోయాడని ఊరంతా అనుకున్నారు, లేదా అనుకున్నట్టు ఉన్నారు. పాము కుట్టిన పిట్టను తిన్నాడని కొందరన్నారు. పెద్దమనుషులు వచ్చి నాయనతో గడప దగ్గర మెల్లగా మాట్లాడి పోయారు. అత్తను ముందరి అర్రలో, దూలం కింద గోడ మూలకు కూచోబెట్టారు. గాజులు తీసిన చేతులు మోకాళ్ల చుట్టూ వేసుకుని, ఎవరొచ్చినా తలెత్తకుండా కూచుంది. పైన గూట్లో అప్పటికి ఈకలు ముళ్లలా లేచిన పిల్లలు రెండు. మూడోనాడు అనుకుంటాను, అత్త మొదటిసారి నోరు విప్పి నాతో మాట్లాడింది. మగది రాలేదు, నిన్న మాపటి నుంచి ఆడది కూడా రాలేదు అన్నది. ఇంటి గువ్వలు మేతకు పోయేది ఆ చేనుకే. నేను నిచ్చెన వేసి పిల్లలను దించాను. ఒకటి అప్పటికే చల్లబడి ఉంది. రెండోది నా అరచేతిలో వణుకుతూ, వేలి సందుల్లోకి ముక్కు దూర్చి వెతుక్కుంది.

అత్త దాన్ని కొంగులో పెట్టుకుంది. నన్ను జొన్నలు తెమ్మన్నది. నేను పోయేలోపల, ఆ మాట విని, నాయనే దోసిట్లో జొన్నలు పట్టుకుని వచ్చి గడప లోపల నిలబడ్డాడు. మామ పోయిన తర్వాత ఆయన ఆ అర్రలోకి రావడం అదే. అత్త ఆయన దోసిలి వైపు చూసింది.

"ఇవి ఏ జొన్నలన్నా?" అని అడిగింది.

గొంతులో కోపం లేదు. మామూలుగా, అంగట్లో అడిగినట్టు అడిగింది. నాయన దోసిలి సందుల్లోంచి కొన్ని గింజలు అలికిన నేల మీద పడ్డాయి. గుమ్మిలియి అన్నాడు ఆయన. అత్త చేయి చాపి కొన్ని తీసుకుని తన నోట్లో వేసుకుంది. ఆయన చూస్తుండగానే నమిలింది, మింగింది. కాసేపు ఆగింది. ఏమీ కాలేదని తెలిశాక మళ్లీ కొన్ని వేసుకుని, మెత్తగా నమిలి, పిల్లను పెదవుల దగ్గరికి ఎత్తుకుంది. అది తన ముక్కును ఆమె నోట్లోకి, ఎంత లోపలికి పోతే అంత లోపలికి దూర్చి తిన్నది. నాయన వెనక్కి తిరిగి, గోడ పట్టుకుంటూ బయటకు పోయాడు. కొట్టం దిక్కు నుంచి ఆయన ఏడుపు వినబడింది. ఆయన ఏడవగా నేను విన్నది అదొక్కసారే.

ఆ పిల్ల బతికింది. మూలన కూచోవలసిన దినాలన్నీ అత్త దాన్ని నోటితోనే సాకింది. చూడవచ్చిన ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు, పిచ్చిలేసిందన్నారు. ఎగరడం వచ్చాక నాలుగు రోజులు గోడ మీదికి వచ్చి పోయింది. తర్వాత రాలేదు. డేగ పట్టిందో, జత దొరికిందో, అది కూడా గట్టు మీద దిగిందో మాకు తెలియదు.

దినాలయ్యాక మామ అన్న వచ్చి అత్తను తమతో రమ్మన్నాడు. అత్త పోలేదు. అక్కడికి పోతే ఇక్కడ ఏం జరిగిందో చెప్పమంటారని, చెప్తే తన అన్న మీదికి కత్తులు వస్తాయని అమ్మతో అన్నదట. అట్లా ఆ ఇంట్లోనే ఉండిపోయింది. పొద్దున రొట్టెలు కొట్టింది. నాయనకు పెట్టింది. నాయన మాత్రం ఆ తర్వాత ఆమెతో నేరుగా మాట్లాడలేదు. చెల్లెకు చెప్పు, చెల్లెను అడుగు అని మాలో ఎవరితోనో అనిపించేవాడు, ఆమె ఎదురుగానే ఉన్నా. చిన్నప్పుడు నాకది అహంకారంలాగా అనిపించేది. ఇప్పుడు నా వయసులో, ఆయనకు ఆమెను పిలిచే పేరు నోటికి రాలేదేమో అనిపిస్తుంది. ఆయన సేద్యం మానలేదు. మరుసటేడు పత్తికి పురుగు పడితే మళ్లీ అదే అంగడికి పోయి మందు తెచ్చాడు. గువ్వలకు మాత్రం పెట్టలేదు. పెట్టవలసిన పని కూడా లేకపోయింది, ఆ తర్వాత అన్ని గువ్వలు మా చేనుకు దిగలేదు.

నాకు ఉద్యోగం వచ్చి, పిల్లల తల్లినయ్యాక ఒకసారి అడిగాను, అత్తా, నాయన మీద నీకు కోపం రాలేదా అని. ఆమె రొట్టె కొడుతోంది. చేయి ఆపలేదు.

"వచ్చేది బిడ్డా. పొద్దుగాల పొయ్యి ముంగట కూసుంటే వచ్చేది. రొట్టె కాలేదాక ఉండేది. కాలినంక ఆయనకే పెట్టాలె గద."

నాయన పోయే ముందు చాలా రోజులు మంచంలో ఉన్నాడు. ఒక మధ్యాహ్నం సాయీ అని పిలిచాడు. అన్నేళ్ల తర్వాత ఆమె పేరు. మేమందరం బయటకు జరిగి వాళ్లిద్దరినీ వదిలేశాం. ఏదో చెప్పుకుంటాడనుకున్నాం. అత్త బయటకు వచ్చాక, ఏమన్నడు అని అమ్మ అడిగింది. నీళ్లడిగిండు అన్నది అత్త. ఇంకేమీ అనలేదా అంటే, ఇంకేమంటడు అని చెంబు కడగడానికి పోయింది.

ఇప్పుడు ఆమె దినాలకు నేను ఖేడ్‌లోనే ఉండిపోయాను. ఒక పొద్దున సంతోష్ వెంట చేనుకు పోయాను. వాన పడి నేల మెత్తబడింది, ట్రాక్టరుతో కంది, మధ్య సాళ్లలో జొన్న వేస్తున్నారు. సంతోష్ సంచి కొస కత్తిరించి గింజలు పోస్తుంటే చూశాను. జొన్నలు గులాబీ రంగులో, పిల్లలు తినే మిఠాయిల్లా ఉన్నాయి. అదేం రంగురా అని అడిగాను. మందు పట్టించే వస్తదత్తా, మనం కలిపే పనే లేదు, ముట్టినంక చేతులు కడుక్కోవాలె అన్నాడు. చేతులకు ప్లాస్టిక్ తొడుగులు వేసుకున్నాడు. మంచి పిల్లవాడు, జాగ్రత్త గలవాడు, నవ్వితే నేను చిన్నప్పుడు చూసిన నాయన పోలికలు. ఆ చేని గట్టు మీది మందుకు ఒకప్పుడు ఒక మనిషి పోయిన సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు. నాకు కూడా ఆ పొద్దున నోరు రాలేదు.

ట్రాక్టరు కొసకు పోయి మళ్లే చోట గొర్రు పైకి లేస్తుంది. అక్కడ గింజలు నేల మీద గుప్పెడు గుప్పెడు రాలి, కప్పబడకుండా ఉండిపోతాయి. తడి నల్లమట్టి మీద ఆ గులాబీ రంగు దూరానికే కనబడుతోంది. నేను వంగి, కాలితో మట్టి నెట్టి కప్పడం మొదలుపెట్టాను. మోకాళ్ల నొప్పికి నిలబడి చేయలేక కూచుని, చేతులతో కప్పాను. సంతోష్ ట్రాక్టరు మీది నుంచి అరిచాడు, గవి పోతే పోనియ్యి అత్తా, ఎన్నని కప్పుతవు అని. నేను లేవలేదు. ఒక మలుపు దగ్గర అయిపోతే పక్క మలుపుకు జరిగాను. కాసేపటికి వెనక రెక్కల చప్పుడు వినబడింది. తిరిగి చూస్తే ట్రాక్టరు అవతలి కొసన మళ్లుతోంది. దాని వెనక, నేను ఇంకా పోని దిక్కున, రెండు గువ్వలు దిగి తల ఊపుకుంటూ నడుస్తున్నాయి. చేతులెత్తి ఉష్ ఉష్ అన్నాను. ట్రాక్టరు మోతలో నా గొంతు నాకే వినబడలేదు.